బండి సైజు ఎవరు నిర్ణయిస్తారు? పెరికె ఎద్దు నుంచి క్యారవాన్ దాకా అనంతపురం చెప్పే కథ

ఈ ఎపిసోడ్‌లో బండ్ల గురించి మాట్లాడుకుందాం. కార్లు, బైకులు కాదు. సొంత ఇంజన్ లేని బండ్లు. ముందు ఇంకోటి ఉండి లాగితే తప్ప అంగుళం కూడా కదలని బండ్లు.

రీల్స్‌లో మీరు చూసే ఉంటారు. అమెరికాలో ఒక పెద్ద పికప్ ట్రక్కు, దాని వెనక ఒక తెల్లటి ఇల్లు. లోపల మంచం, వంటగది, బాత్రూం అన్నీ ఉంటాయి. కొండల మధ్య ఆపుకుని కాఫీ తాగుతుంటారు. కింద కామెంట్లలో మనవాళ్ళు అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: "బ్రో, ఇందులో ఏ సైజు బెస్ట్? జనం ఎక్కువగా ఏది కొంటారు?"

మంచి ప్రశ్నే. దీనికి ఒక్క మాటలో జవాబు ఉంది, అది చెప్తాను. కానీ ఆ జవాబు వెనక ఉన్న కారణం తెలియాలంటే అమెరికా వెళ్ళక్కర్లేదు. అనంతపురం చాలు. దేశంలోనే బాగా తక్కువ వాన పడే జిల్లాల్లో ఇదొకటి, ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. ఈ కరువు పీఠభూమి మీద రెండు వందల ఏళ్ళలో లాగుడు బండి సైజు ఎన్నిసార్లు మారిందో, ఎందుకు మారిందో చూస్తే ప్రపంచంలో ఏ దేశపు లెక్కైనా అర్థమవుతుంది.

ముందు అమెరికా లెక్క

అక్కడ ఇలాంటి ప్రయాణపు ఇళ్ళు రెండు రకాలు. ఇంజన్ కూడా దాంట్లోనే ఉంటే మోటార్ హోమ్. ఇంకో బండి లాగాల్సి వస్తే ట్రైలర్. ఏటా ఫ్యాక్టరీల నుంచి బయటికొచ్చే వాటిలో పదింట ఎనిమిది, తొమ్మిది లాగుడువే. కరోనా తర్వాత 2021లో రెండు రకాలూ కలిపి 6 లక్షల పైన తయారయ్యాయి, అది రికార్డు. 2023కి అది 3 లక్షల 13 వేలకు పడిపోయింది. అంత పడినా లాగుడు బండ్ల వాటా మాత్రం పెద్దగానే ఉంది.

ఆ లాగుడు బండ్లలో ఎక్కువ అమ్ముడయ్యేది ట్రావెల్ ట్రైలర్. కారు వెనక బంతిలాంటి కొక్కేనికి తగిలించే మామూలు రకం ఇది. ఎక్కువగా 20 నుంచి 30 అడుగుల పొడవులో కనిపిస్తాయి. రెండో స్థానం ఫిఫ్త్ వీల్ అనే పెద్ద రకానిది. దాన్ని కారు వెనక తగిలించలేం, పికప్ ట్రక్కు డెక్కు మధ్యలో బిగించాలి. కాబట్టి ఎస్‌యూవీ ఉన్నవాడు ఎంత డబ్బున్నా దాన్ని లాగలేడు.

ఇప్పుడు ఈ సంగతి గమనించండి. ఫోర్డ్ కంపెనీ ఎఫ్ సిరీస్ పికప్ 1977 నుంచి అమెరికాలో అమ్మకాల్లో మొదటి పికప్. అంటే అక్కడ కోట్లాది ఇళ్ళ ముందు రెండు మూడు టన్నులు సులువుగా లాగే బండి ముందే నిలబడి ఉంది. ట్రైలర్ కంపెనీలు చేసిందల్లా ఆ బండి లాగగలిగే సైజు తయారుచేయడం. ఇంట్లో ఎంతమంది పడుకుంటారన్నది తర్వాతి లెక్క.

ఈ ఎపిసోడ్‌లో నేను చెప్పదలుచుకున్న మాట ఇదే. లాగుడు బండి సైజును లోపల కూర్చునేవాడు నిర్ణయించడు. ముందు లాగేది, కింద ఉన్న రోడ్డు, పైన ఉన్న చట్టం, ఈ మూడే నిర్ణయిస్తాయి. ఇప్పుడు అనంతపురం వెళ్దాం.

బండే లేని కాలం

1799లో టిప్పు సుల్తాన్ పడిపోయాడు. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి వదిలేశాడు. అందుకే దీనికి దత్త మండలాలు అనే పేరు వచ్చింది, ఆ తర్వాత రాయలసీమ అని పిలుచుకున్నాం. కంపెనీ ఇక్కడికి పంపిన ప్రిన్సిపల్ కలెక్టర్ థామస్ మన్రో. 1800 నుంచి 1807 దాకా ఉన్నాడు, అనంతపురంలోనే కాపురం.

ఆ కాలంలో ఈ నేల మీద సరుకు ఎట్లా కదిలేది? బండి మీద అనుకుంటాం. కానీ దూరాభారం సరుకు ఎక్కువగా పోయింది ఎద్దు వీపు మీద. రెండు పక్కలా సంచులు వేలాడే ఎద్దుని పెరికె ఎద్దు అంటారు. ఉప్పు, ధాన్యం, పత్తి అన్నీ అలాగే. వందలు, వేల ఎద్దులు వరసగా నడిచేవి. వాటిని తోలినవాళ్ళలో లంబాడీలు ముఖ్యులు, అనంతపురం వైపు మనం సుగాలీలు అంటాం. 1791, 92 ప్రాంతంలో కార్న్‌వాలిస్ సైన్యం టిప్పు మీదికి వెళ్ళినప్పుడు తిండిగింజలు మోసింది కూడా ఈ బంజారా ఎద్దులే.

బండి ఎందుకు వాడలేదు? చక్రం తెలియక కాదు. రోడ్డు లేక. వంకలు, వాగులు, రాళ్ళగుట్టలు, వానొస్తే కాలు దిగబడే నల్లరేగడి. అప్పటి బండ్లలో చాలావాటి చక్రం నిండు చెక్క, ఆకులు లేని దిమ్మ. బరువే సగం ప్రాణం తీస్తుంది. అదే ఎద్దుకైతే కాలిబాట చాలు.

ఈ తండాలే మన నేల మీద మొదటి కదిలే ఇళ్ళు అనుకోవచ్చు. పిల్లాపాపా, వంట సామాను, గుడారం గుడ్డ అన్నీ ఎద్దుల మీదే. రాత్రి మూటలు గోడలా పేర్చుకుని మధ్యలో పడుకునేవాళ్ళు. ఒక ఎద్దు మోసేది మహా అయితే వంద కేజీల పైచిలుకు. కాబట్టి ఇంట్లో ఏ సామాను ఉండాలో ఆ వంద కేజీలే నిర్ణయించాయి.

ఎద్దుల బండి: మన అసలు బెస్ట్ సెల్లర్

పందొమ్మిదో శతాబ్దం మధ్యకి వచ్చేసరికి మద్రాసు రాజధానిలో రోడ్లు పెరిగాయి. గుండ్రటి కుంభి, అందులో ఆకులు, చుట్టూ చెక్క, దాని మీద ఎర్రగా కాల్చి బిగించిన ఇనుప పట్టా. ఈ చక్రం ఊరూరా వ్యాపించింది. అదే రెండు ఎద్దులు వీపు మీద మోస్తే రెండు, రెండున్నర క్వింటాళ్ళు. మంచి రోడ్డు మీద బండికి కడితే ఏడు, ఎనిమిది క్వింటాళ్ళు, ఒక్కోసారి టన్ను. ఎద్దులు మారలేదు, మేత మారలేదు. రోడ్డు మారింది, బరువు మూడింతలైంది.

ఈ బండి సైజు ఎవరు పెట్టారు? ఏ కంపెనీ పెట్టలేదు. ఊరి వడ్రంగి, కమ్మరి కలిసి పెట్టారు. నొగ పొడవు ఎద్దు పొడవుని బట్టి. కాడి ఎత్తు ఎద్దు మూపుని బట్టి. ఇరుసు వెడల్పు ఊరి బాటలో అప్పటికే పడిపోయిన గాడిని బట్టి. గాడి కంటే వెడల్పైన బండి చేస్తే ఒక చక్రం గాడిలో, ఒక చక్రం గట్టు మీద. బోల్తా. అంటే పాత బండ్లు వేసిన గాడే కొత్త బండికి చట్టం అయింది.

ఇంకో సంగతి. బండి తోలినవాళ్ళని అడగండి, బరువు ఎక్కడ పెట్టాలో చెప్తారు. వెనక ఎక్కువైతే కాడి పైకి లేచి ఎద్దుల గొంతు పట్టేస్తుంది. ముందు ఎక్కువైతే మెడ మీద పడి పుండ్లు పడతాయి. ఇరుసుకి కొంచెం ముందుకు మొగ్గేలా సర్దాలి. సరిగ్గా ఇదే నియమాన్ని అమెరికాలో ట్రైలర్ కొనేవాళ్ళకి మొదటి పాఠంగా చెప్తారు. ట్రైలర్ బరువులో పదో వంతు నుంచి ఆరేడో వంతు దాకా ముందు కొక్కెం మీద పడాలి. అది తగ్గితే వెనక ట్రైలర్ పాములా ఊగి కారునే పడేస్తుంది. వాళ్ళు దీనికి పెద్ద పేర్లు పెట్టుకున్నారు. మన బండి తోలేవాళ్ళకి ఇది చేతికి తెలిసిన లెక్క.

ఇక ఇల్లు సంగతి. బండి మీద వెదురు వంచి, చాపలు కప్పితే గూడు బండి. కదిరి నరసింహస్వామి తేరుకో, పెన్నహోబిలం తిరునాళ్ళకో ఊళ్ళకు ఊళ్ళు గూడు బండ్లు కట్టుకుని కదిలేవి. కింద వరిగడ్డి, దాని మీద బొంత. ముసలివాళ్ళు, పిల్లలు లోపల. మగవాళ్ళు ముందూ వెనకా నడక. రాత్రి చెట్టుకింద ఎద్దులు విప్పి, మూడు రాళ్ళ పొయ్యి పెట్టి, గూట్లో కొందరు, బండి కింద కొందరు పడుకునేవాళ్ళు. మంచం, వంట, పైకప్పు అన్నీ వెంట ఉన్న లాగుడు బండి ఇది. దీన్ని మనం ఎప్పుడూ క్యారవాన్ అని పిలవలేదు, అంతే తేడా.

కరువులో ముందు పోయేది లాగేదే

ఇప్పుడు కథలో కష్టమైన భాగం. 1871 కల్లా మద్రాసు నుంచి రాయచూరు దాకా రైలు వేశారు. తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు మీదుగా. ఇక కరువొచ్చినా గింజలు రైల్లో వచ్చేస్తాయి అనుకున్నారు.

1876లో వానలు తప్పాయి. 1876 నుంచి 78 దాకా సాగినదాన్ని ధాత కరువు అని మనవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. అప్పటికి అనంతపురం ప్రత్యేక జిల్లా కాదు, బళ్ళారి జిల్లాలో భాగం. 1882లో విడిపోయింది.

రైలు గింజలు తెచ్చింది. స్టేషన్లలో దించింది. స్టేషన్ నుంచి ఊరికి? ముప్పై, నలభై మైళ్ళు ఎద్దుల బండే పోవాలి. వాన లేదంటే గడ్డి లేదు. గడ్డి లేదంటే ఎద్దు లేదు. మనుషుల కంటే ముందు పశువులు పోయాయి. బండ్లు ఉన్నాయి, గింజలు ఉన్నాయి, ఆ గింజలు కొనే డబ్బు చాలామంది దగ్గర లేదు, కొన్నా ఊరికి చేర్చడానికి లాగేవి లేవు. 1871 జనాభా లెక్కకీ 1881 లెక్కకీ మధ్య బళ్ళారి జిల్లా జనాభా సుమారు ఐదో వంతు తగ్గిపోయింది. చావులు, వలసలు అన్నీ కలిపి.

ఈ పీఠభూమి నేర్పిన పాఠం ఇది. లాగుడు బండి బలం చక్రంలో లేదు, ముందున్న ప్రాణంలో ఉంది. కరువు ముందుగా దాన్నే తీసేస్తుంది. ఇక్కడ వేరుశనగ పంటే ప్రధానం అయిన తర్వాత కూడా ఇదే లెక్క నడిచింది. పంట పోతే కాయలతో పాటు కట్టె కూడా పోతుంది, ఆ కట్టే పశువుల మేత. అందుకే కరువు ఏడాది ఎద్దులు సంతకి తోలుకుపోవడం, అడిగిన రేటుకి అమ్ముకోవడం ఇక్కడ తరతరాల బాధ. మళ్ళీ వాన పడితే కొత్త జత కొనడానికి అప్పు.

టైరు బండి, ఆ తర్వాత ట్రాలీ

ఇరవయ్యో శతాబ్దంలో ఇనుప పట్టా బదులు గాలి టైర్లు వచ్చాయి. జనం దాన్ని టైరు బండి అన్నారు, చాలాచోట్ల డన్‌లప్ బండి అనే పేరు స్థిరపడింది. అదే జత ఎద్దులు ఇంకా ఎక్కువ బరువు లాగాయి. స్వాతంత్ర్యం తర్వాత కూడా ఎద్దుల బండి చిన్న విషయం కాదు. బెంగళూరు ఐఐఎం మొదటి డైరెక్టర్ ఎన్.ఎస్. రామస్వామి ఏళ్ళ తరబడి దీని మీదే పనిచేశారు. దేశంలో కోటిన్నర దాకా పశువులు లాగే బండ్లు ఉన్నాయని లెక్కగట్టి, వాటిని తేలికగా, ఎద్దు మెడకి నొప్పి లేకుండా ఎట్లా చేయాలని వాదించారు.

కానీ ఆట మార్చింది ట్రాక్టర్. దానికి గడ్డి అక్కర్లేదు. కరువులో డీజిల్ పోయకపోతే షెడ్డులో నిలబడుతుంది, చచ్చిపోదు. అప్పు కంతులు మాత్రం ఆగవు, అది వేరే కథ. ఈరోజు ప్రపంచంలో ఎక్కువ ట్రాక్టర్లు అమ్ముడయ్యే దేశం మనదే. అందులో పెద్ద వాటా 41 నుంచి 50 హెచ్‌పీ తరగతిది.

ఇప్పుడు అసలు ప్రశ్నకి అనంతపురం జవాబు చెప్తాను. ఇక్కడ లాగుడు బండ్లలో రాజు ఎవరు? ట్రాక్టర్ ట్రాలీ. అందులో రెండు రకాలు. ఒకే ఇరుసు ఉన్న రెండు చక్రాల ట్రాలీ. రెండు ఇరుసులున్న నాలుగు చక్రాల ట్రాలీ. మూడు నుంచి ఐదు టన్నుల సరుకు మామూలు లెక్క. ఎందుకు అంత? 45 హెచ్‌పీ ట్రాక్టర్ లాగేది అంత కాబట్టి.

రెండు చక్రాలది చేలో తిప్పడం సులువు, వెనక్కి తోయడం సులువు. దాని బరువు కొంత ట్రాక్టర్ వెనక పడుతుంది కాబట్టి చక్రాలకు పట్టు బాగుంటుంది. అయితే బరువు మితిమీరితే ట్రాక్టర్ ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి. నాలుగు చక్రాలది బరువుని తనే మోసుకుంటుంది, తారు రోడ్డు మీద నిలకడగా వస్తుంది. కానీ వెనక్కి తోయాలంటే చెయ్యి తిరిగిన డ్రైవర్ కావాలి. ఇసుక, మట్టి తోలేవాళ్ళు హైడ్రాలిక్ లిఫ్ట్ ఉన్నది చూస్తారు. చూశారా, కొనేవాడు ఇక్కడ కూడా రంగు చూడట్లేదు. లాగేది, నేల, పని చూస్తున్నాడు.

వీటిలో చాలావరకు తయారయ్యేది దగ్గర్లోని టౌన్లలో వెల్డింగ్ షాపుల్లో. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ అనే ఊరి చుట్టుపక్కల ఆ దేశపు ట్రైలర్లలో ఎక్కువ భాగం తయారవుతాయి. మనకి అలాంటి ఒక్క ఊరు లేదు. ప్రతి మండలానికీ ఒక చిన్న ఎల్క్‌హార్ట్ ఉంది.

అమెరికాలోనూ కరువే

ట్రైలర్ ఇళ్ళ చరిత్రలో కూడా ఒక కరువు ఉంది. 1930లలో అమెరికా మధ్య మైదానాల్లో ఏళ్ళ తరబడి వాన లేదు, పై మట్టి దుమ్ము తుఫానుగా లేచిపోయింది. డస్ట్ బౌల్ అంటారు. లక్షల మంది పాత కార్లలో, కొందరు వాటికి చేతితో చేసిన ట్రైలర్లు కట్టుకుని, కాలిఫోర్నియా బాట పట్టారు. అదే దశాబ్దంలో ఉన్నవాళ్ళ కోసం మెరిసే అల్యూమినియం ఎయిర్‌స్ట్రీమ్ ట్రైలర్ వచ్చింది. ఒకే వస్తువు. ఒకడికి విహారం, ఇంకొకడికి వలస. కరువు ఏడాది బెంగళూరుకో కేరళకో మూట కట్టుకుని పోయే అనంతపురం కుటుంబానికి ఈ తేడా ఎవరూ వివరించక్కర్లేదు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇళ్ళ కొరత. చాలామంది ట్రైలర్లలోనే స్థిరపడ్డారు. అప్పటికి రోడ్డు నియమాల వల్ల ట్రైలర్ వెడల్పు 8 అడుగులు. అందులో పక్కపక్కన గదులు పట్టవు. ఒక గది దాటితేనే ఇంకో గది. 1954 ప్రాంతంలో విస్కాన్సిన్‌కి చెందిన ఎల్మర్ ఫ్రే అనే తయారీదారు 10 అడుగుల వెడల్పుది తెచ్చాడు. పక్కనుంచి నడవా పెట్టే చోటు దొరికింది. కానీ దాన్ని ఎవరి కారూ లాగలేదు. ప్రత్యేక పర్మిట్ తీసుకుని లారీతో ఒకసారి తెచ్చి పెడితే ఇక అక్కడే. అక్కడితో ట్రైలర్ రెండుగా చీలిపోయింది. వెడల్పైనది ఇల్లయింది. ఇరుకైనది బండిగా మిగిలింది. కేవలం రెండు అడుగుల తేడా!

ఈ వెడల్పు లెక్క ఇప్పటికీ అంతే. అమెరికాలో పరిమితి ఎనిమిదిన్నర అడుగులు. మన మోటారు వాహనాల నిబంధనల్లో 2.6 మీటర్లు, అంటే దాదాపు అదే. దేశాలు వేరైనా రోడ్డు లేన్ ఒకలాంటిదే కాబట్టి వెడల్పు ఎక్కడా మారదు. మారేది పొడవు, బరువు. యూరప్‌లో మామూలు కారు లైసెన్సుతో 750 కేజీల దాకా ట్రైలర్ తగిలించుకోవచ్చు. అంతకంటే బరువైతే కారూ ట్రైలరూ కలిపి 3,500 కేజీలు దాటకూడదు. అందుకే అక్కడి క్యారవాన్లు తేలిక, చిన్నవి. ఇక్కడ సైజు పెట్టింది లైసెన్సు.

అమెరికాలో ఉన్న మనవాళ్ళు అద్దెకి తీసుకునేటప్పుడు కూడా ఇదే చూడాలి. టెస్లా మోడల్ వై, హోండా ఒడిస్సీ లాంటివి లాగేది గరిష్ఠంగా 3,500 పౌండ్లు, అంటే సుమారు 1,590 కేజీలు. ఆరు సిలిండర్ల టొయోటా హైలాండర్ 5,000 పౌండ్లు. ట్రైలర్ బయట రాసిన ఖాళీ బరువు చూసి సరిపోతుంది అనుకోకండి. నీళ్ళు, సామాను, గ్యాస్ సిలిండర్ కలిపితే ఇంకో మూడు నాలుగు వందల కేజీలు సులువుగా పెరుగుతుంది.

కియా ఊళ్ళో క్యారవాన్ ఎందుకు లేదు?

ఇప్పుడు మీకు ఒక సందేహం రావాలి. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ ఉంది. 2019లో సెల్టోస్‌తో మొదలైంది. ఎద్దు మేత దొరకని నేల మీద ఏటా లక్షల కార్లు తయారవుతున్నాయి. 2022లో జిల్లాలు విడిపోయాక అది శ్రీ సత్యసాయి జిల్లా కిందికి వచ్చింది. పక్కనే 44వ నంబర్ జాతీయ రహదారి. లాగే కారు ఉంది, రోడ్డు ఉంది. మరి వెనక ట్రైలర్ ఇల్లు ఎందుకు కనపడదు?

మన మూడు ప్రశ్నలు వేసి చూడండి. లాగేది: మన రోడ్ల మీద ఎక్కువగా తిరిగేవి చిన్న కార్లు, చిన్న ఎస్‌యూవీలు. ఒకటిన్నర టన్ను వెనక కట్టుకుని ఘాట్ ఎక్కడానికి చేసినవి కావు. రోడ్డు: హైవే దిగగానే ఊరి సందు, అక్కడ ట్రైలర్‌తో వెనక్కి తిప్పడం నరకం. చట్టం: ట్రైలర్‌కి కూడా విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి. అందుకే మన దగ్గర క్యారవాన్ టూరిజం అన్నప్పుడు ఎక్కువగా ఇంజన్ ఉన్న వ్యాన్లే వస్తున్నాయి. డ్రైవర్‌ని పెట్టుకుని పోవడం మనకి అలవాటు కూడా. పైగా మన దేశంలో దారి పొడవునా సత్రాలు, గుడి వసతి గదులు, తక్కువ అద్దె లాడ్జీలు, అన్నిటికీ మించి చుట్టాల ఇళ్ళు ఉన్నాయి. మంచం వెంట లాక్కుపోవాల్సిన అవసరం తక్కువ.

అసలు ప్రమాదం ఎక్కడుంది

ఇంతసేపు చెప్పిన లెక్క ఒక్కచోట ప్రాణం మీదికి వస్తుంది. ఆ చోటు చెప్పకుండా ఈ ఎపిసోడ్ ముగించలేను.

కూలీకి పోయేవాళ్ళు, పెళ్ళికి పోయేవాళ్ళు, తిరునాళ్ళకి పోయేవాళ్ళు ఇప్పుడు ఎందులో పోతున్నారు? చాలా ఊళ్ళలో ట్రాలీలోనే. గూడు బండి పోయింది, ఆ చోట్లోకి ట్రాలీ వచ్చింది. కానీ గూడు బండి గంటకి మూడు నాలుగు కిలోమీటర్ల వేగంతో పోయేది, అందులో మనుషులు కూర్చోవాలనే గూడు కట్టారు. ట్రాలీ సైజు సరుకు కోసం పెట్టింది. పట్టుకోవడానికి కడ్డీ లేదు. సీటు లేదు. చాలావాటికి సొంత బ్రేకులు కూడా ఉండవు, ఆపాల్సింది ట్రాక్టరే. దిగుడులో గట్టిగా బ్రేక్ వేస్తే వెనక నుంచి ట్రాలీ తోసుకొచ్చి అడ్డం తిరుగుతుంది. రాత్రిపూట వెనక లైటు లేకపోతే హైవే మీద వచ్చే లారీకి అది కనపడదు.

ట్రాక్టర్ మీద డ్రైవర్ తప్ప ఎవరూ ఎక్కకూడదని 1989 నాటి రోడ్డు నిబంధనల్లోనే ఉంది. వ్యవసాయం కోసం తీసుకున్న ఇన్సూరెన్స్ సాధారణంగా ట్రాలీలో కూర్చున్న మనిషికి వర్తించదు. ప్రమాదం జరిగితే ఆ కుటుంబం కోర్టు చుట్టూ ఏళ్ళ తరబడి తిరగాలి. అయినా ఎక్కుతున్నారంటే బుద్ధి లేక కాదు. పొద్దున ఆరింటికి చేను దగ్గరికి బస్సు లేక. ఉన్న ఆటో ఖరీదు ఆ రోజు కూలిలో పెద్ద ముక్క కాబట్టి. దీనికి అసలు పరిష్కారం ఊరికి బస్సు, కూలీలకు సరైన బండి. అది అడగాల్సిన చోట అడుగుదాం.

అప్పటిదాకా మన చేతిలో ఉన్నవి చిన్నవే. ట్రాలీ వెనక ఎర్ర రిఫ్లెక్టర్ స్టిక్కర్లు వేయించండి, వందల్లో ఖర్చు. కొక్కెంలో పిన్ను ఊడకుండా లాక్ ఉందా చూడండి, పక్కన ఒక గొలుసు కూడా వేయించండి. మీ ఇంట్లో ట్రాక్టర్ ఉంటే పిల్లల్ని మడ్‌గార్డ్ మీద కూర్చోబెట్టి రీల్ తీయడం మానేయండి. పెళ్ళికైతే ట్రాలీ కాకుండా బస్సు మాట్లాడండి.

చివరిగా, ఎవరైనా మిమ్మల్ని "ఏ సైజు బండి ఎక్కువ అమ్ముడవుతుంది" అని అడిగితే తిరిగి మూడు ప్రశ్నలు వేయండి. ముందు లాగేది ఏంటి? పోయే రోడ్డు ఎలాంటిది? చట్టం ఎంత ఒప్పుకుంటుంది? పెరికె ఎద్దుకి వంద కేజీలు, ఎద్దుల జతకి టన్ను, ట్రాక్టర్‌కి ఐదు టన్నులు, పికప్‌కి ముప్పై అడుగుల ఇల్లు. జవాబు ప్రతిసారీ ఇక్కడి నుంచే వచ్చింది. ఆ తర్వాత నాలుగో ప్రశ్న కూడా అడగండి: ఇది ఎవరి కోసం చేసిన బండి, ఇందులో ఇప్పుడు కూర్చున్నది ఎవరు?

మీ ఇంట్లో పెద్దవాళ్ళు గూడు బండిలో ఏ తిరునాళ్ళకి వెళ్ళారో, ఎన్ని రోజుల ప్రయాణమో అడిగి కామెంట్లో రాయండి. బండి భాగాలకి మీ ఊళ్ళో వాడే పేర్లు తెలిస్తే అవి కూడా రాయండి, వాడేవాళ్ళు తగ్గిపోతున్నారు. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.